పుస్తకంలో ఉన్న మందు అలమరలో ఉందా?

ప్రతి ఆసుపత్రి మందుల స్టోరులోనూ ఒక్కో మందుకు రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి స్టాకు రిజిస్టరులో రాసి ఉన్నది. రెండవది అలమర తెరిచి, చేత్తో లెక్కపెడితే వచ్చేది. ఈ రెండూ ఒక్కటే కావాలి. కాని చాలాచోట్ల కావు. పది తగ్గిందనో, పాతిక ఎక్కువ వచ్చిందనో ఏడాది చివర ఆడిటరు గారు ఎర్ర సిరాతో ఒక గుర్తు పెడతారు. స్టోరువారు సంజాయిషీ రాసి సంతకం చేస్తారు. మళ్లీ ఏడాది దాకా ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇది గుమాస్తాల గొడవ, రోగికీ దీనికీ సంబంధం లేదు అని అనుకునేవారే మనలో ఎక్కువ. సంబంధం ఉంది. అది ఎలాంటిదో, ఆ తేడా ఎక్కడెక్కడ పుడుతుందో, దాన్ని తగ్గించడానికి మనం ఏమి చేయవచ్చో ఈ సంచికలో చూద్దాం.

రోగి మంచం దగ్గర ఏమవుతుంది?

వానలు పడి నాట్లు మొదలయ్యే రోజుల్లో మన పల్లెల నుంచి పాముకాటు రోగులు ఎక్కువగా వస్తారు. మన దేశంలో దొరికే విరుగుడు ఇంజక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషానికి పనిచేస్తుంది. విషం ఎక్కిన లక్షణాలు కనబడిన రోగికి మొదటి మోతాదే సాధారణంగా 10 వైల్స్. పెద్దవారికైనా పసిబిడ్డకైనా మోతాదు ఒక్కటే. మనిషి చిన్నవాడైనంత మాత్రాన పాము ఎక్కించే విషం తగ్గదు కదా. రక్తపింజర కాటులో రక్తానికి గడ్డకట్టే గుణం తిరిగి రాకపోతే ఆ మందు మళ్లీ ఇవ్వవలసి వస్తుంది.

రిజిస్టరులో 22 వైల్స్ ఉన్నాయి, అలమరలో 7 మాత్రమే ఉన్నాయి అనుకుందాం. రాత్రి డ్యూటీ డాక్టరుగారు పుస్తకంలోని సంఖ్యను నమ్మి రోగిని చేర్చుకుంటారు. అదే పుస్తకంలో 7 అని ఉంటే, చేతిలో ఉన్నది మొదలుపెట్టి ఆ క్షణమే అంబులెన్సు పిలిపించి పెద్దాసుపత్రికి ఫోను చేసేవారు. ఇప్పుడు సిస్టరు అలమర తెరిచాక గాని సంగతి తెలియదు. వెతకడానికి కొంతసేపు, తాళాలున్న మనిషిని లేపడానికి కొంతసేపు పోతుంది. రోగికి మిగిలి ఉన్న సమయంలోనుంచే ఆ సేపు పోతుంది. మందు లేకపోవడం కష్టమే. లేని మందును ఉందని నమ్మడం అంతకంటే ప్రమాదం.

తేడా రెండవ వైపున కూడా ఉంటుంది. పుస్తకంలో లేదు, అలమరలో ఉంది. అప్పుడు మనం రోగి బంధువుల చేతికి చీటీ రాసి ఇచ్చి బయట కొనుక్కు రమ్మంటాము. వారు చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఆ మందు తెస్తారు. అదే మందు మన పై అరలో పెట్టె వెనుక ఉండి, గడువు దాటి, చివరకు పారవేయవలసి వస్తుంది.

మూడవది, పైకి కనబడనిది. ఒక మందు నిల్వ 20కి తగ్గినప్పుడు కొత్త ఆర్డరు పెట్టాలని నియమం ఉందనుకోండి. పుస్తకంలో 25 ఉంది, అలమరలో సున్నా. పుస్తకంలో 25 ఉంది కనుక ఆర్డరు వెళ్లదు. అలమరలో లేదు కనుక ఎవరికీ ఇవ్వడం జరగదు. ఇవ్వడం జరగలేదు కనుక పుస్తకంలోని 25 తగ్గదు. ఎవరో ఒకరు అరలో చేయి పెట్టి చూసేదాకా ఆ మందు ఆసుపత్రికి రానే రాదు. తప్పుడు సంఖ్య తనంతట తాను సరికాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పెద్ద పెద్ద గోదాముల్లో కూడా

ఇది పల్లెటూరి ఆసుపత్రులకే ఉన్న జబ్బు కాదు. నికోల్ డిహొరేషియస్, అనంత్ రామన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పెద్ద చిల్లర వర్తక సంస్థకు చెందిన 37 దుకాణాల్లో సుమారు 3,70,000 స్టాకు లెక్కలను అరల్లోని సరుకుతో పోల్చి చూశారు. ఆ అధ్యయనం 2008లో ప్రచురితమైంది. అందులో 65 శాతం లెక్కలు సరుకుతో సరిపోలలేదు. అవి కంప్యూటర్లు లేని దుకాణాలు కావు. చదువుకున్న సిబ్బంది, యంత్రాలు, ఆడిటర్లు అన్నీ ఉన్న సంస్థ అది. కాబట్టి కంప్యూటరు కొంటే ఈ తేడా పోతుందనే ఆశ పెట్టుకోవద్దు. కంప్యూటరుకు తెలిసేది మనం చెప్పినదే. అలమరను అది చూడలేదు.

తేడా పుట్టే చోట్లు

గోదాములోని సరుకు లెక్క తప్పేది ఎక్కడెక్కడ? సరుకు చేతులు మారే ప్రతి చోటా. మందు మన గుమ్మం దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి రోగి ఒంట్లోకి వెళ్లేదాకా దాని దారి వెంట నడిచి చూద్దాం.

1. మందులు దిగేటప్పుడు: ట్రాన్స్‌పోర్టు వాహనం సాయంత్రం వస్తుంది, డ్రైవరు తొందరపెడతాడు. అట్టపెట్టెలు లెక్కపెట్టి సంతకం చేస్తాము. పెట్టె లోపల ఎన్ని ఉన్నాయో చూడకుండా బిల్లులో ఉన్న సంఖ్యనే రిజిస్టరులోకి ఎక్కిస్తాము. పెట్టెలో రెండు సీసాలు పగిలి ఉండవచ్చు. పదికి ఒకటి ఉచితమని కంపెనీవారు చెప్పినది బిల్లులో ఉండి పెట్టెలో లేకపోవచ్చు. లేదా పెట్టెలో ఉండి మన పుస్తకంలోకి ఎక్కకపోవచ్చు. మొదటి రోజే తప్పిన లెక్కను ఆ తరువాత ఎవరు ఎంత జాగ్రత్తగా రాసినా ప్రయోజనం లేదు.

2. పెట్టె, స్ట్రిప్పు, మాత్ర: పది మాత్రల స్ట్రిప్పులు పది ఉన్న పెట్టె ఒకటి వచ్చింది. దాన్ని ఒకరు 1 అని, ఒకరు 10 అని, మరొకరు 100 అని రాస్తారు. ముగ్గురూ నిజమే రాశారు, కాని కొలత వేరు. స్టోరు పెట్టెల్లో తీసుకుని, వార్డు స్ట్రిప్పుల్లో అడిగి, సిస్టరు మాత్రల్లో ఇస్తే మధ్యలో లెక్క చెడకుండా ఉండడమే ఆశ్చర్యం. సిరంజిలు, గ్లౌజులు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, దూది చుట్టల విషయంలో కూడా ఇంతే.

3. ఒకేలా ఉండే పేర్లు, బలాలు: ఒకే మందు 5 మి.గ్రా., 10 మి.గ్రా. మాత్రలుగా వస్తుంది. ఇన్సులిన్ ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఉంది, 100 యూనిట్లది ఉంది. ఒకటి ఇచ్చి మరొకదాని పేజీలో రాస్తే ఒక పేజీలో పది తక్కువ, పక్క పేజీలో పది ఎక్కువ తేలుతుంది. ఇలా సరిసమానంగా ఎదురుబొదురు తేడాలు కనిపిస్తే అది దొంగతనం కాదు, పేజీ మారిందని గ్రహించాలి. ఇక్కడ పుస్తకం కంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. పేజీ మారిందా, లేక రోగికి వెళ్లిన మందే మారిందా? ఇన్సులిన్ విషయంలో ఆ రెండవది ప్రాణాంతకం కావచ్చు. స్టాకు తేడా ఒక్కోసారి వైద్యంలో జరిగిన పొరపాటును ముందుగా బయటపెట్టే గుర్తు కూడా అవుతుంది.

4. రాత్రి పూట: ప్రసవం తరువాత రక్తస్రావం ఆగని తల్లి ఉంది. సిస్టరు పరుగున వచ్చి ఫ్రిజ్‌లోంచి ఆక్సిటోసిన్ ఆంపూళ్లు తీసుకుని వెళుతుంది. అప్పుడు పుస్తకం తెరిచి రాయమని ఎవరూ అనరు, అనకూడదు. రాయవలసినది ప్రాణం గట్టెక్కిన తరువాత. కాని ఆ తరువాత డ్యూటీ మారుతుంది. పొద్దున వచ్చినవారికి ఆ సంగతి తెలియదు. లేబరు రూమువారు ఐ.సి.యు. నుంచి, ఐ.సి.యు.వారు ఆపరేషను థియేటరు నుంచి చేబదులు తెచ్చుకునే మందులు కూడా ఈ కోవకే చెందుతాయి. ఇచ్చినవారు ఇచ్చామని మరచిపోతారు, తెచ్చినవారు తెచ్చామని మరచిపోతారు.

5. తిరిగి వచ్చిన మందులు: రోగి ఇంటికి వెళ్లిపోతాడు, లేదా చనిపోతాడు. అతని పేరున తీసిన మందుల్లో కొన్ని మిగులుతాయి. వాటిని వార్డు ఆయా స్టోరుకు తెచ్చి బల్లమీద పెడుతుంది. స్టోరులో ఉన్నవారు ఎత్తి అరలో పెడతారు. పుస్తకంలో మాత్రం అవి ఇంకా బయటనే ఉన్నట్టు లెక్క. సగం కత్తిరించిన స్ట్రిప్పులైతే బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క పోయి ఉంటుంది. అలాంటివి లెక్కకూ పనికిరావు, రోగికీ పనికిరావు.

6. ఉన్నది, కాని చోటు తప్పింది: పెద్ద సీసాలు పట్టక వేరే గదిలో పెడతాము. గ్రామ క్లినిక్కుకు వెళ్లే వ్యానులో ఒక పెట్టె ఉండిపోతుంది. ఆపరేషను థియేటరు బీరువాలో అవసరానికి ఉంటాయని కొన్ని దాచిపెడతారు. మందు ఆసుపత్రిలోనే ఉంది, పుస్తకమూ తప్పు కాదు, అయినా కావలసినప్పుడు దొరకదు. రోగికి దొరకని మందు లేని మందుతో సమానం.

7. పగిలినవి, పాడైనవి, గడువు తీరినవి: చేయిజారి పగిలిన ఆంపూలును తుడిచి పారవేస్తాము గాని రాయము. రాస్తే ఎవరేమంటారోనని భయం. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండవలసిన మందులు దెబ్బతింటాయి. ఫ్రిజ్ మరీ చల్లబడితే ఇన్సులిన్ గడ్డకడుతుంది, గడ్డకట్టిన ఇన్సులిన్ వాడకూడదు. ఇవి అలమరలో ఉన్నాయి, పుస్తకంలోనూ ఉన్నాయి, సంఖ్య సరిగ్గా సరిపోతుంది. కాని వాడడానికి పనికిరావు. కనుక రిజిస్టరు చెప్పవలసినది ఎన్ని ఉన్నాయన్నది మాత్రమే కాదు, వాడదగినవి ఎన్ని ఉన్నాయన్నది.

8. దానంగా వచ్చినవి: మన మిషను ఆసుపత్రులు పుట్టిందే దాతల సహాయంతో. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారి నాటి నుంచి, 1920లో అదే ఊరికి వచ్చిన సిస్టర్ డాక్టర్ మేరీ గ్లౌరీ గారి నాటి నుంచి విశ్వాసుల కానుకలు ఈ పనిని నిలబెట్టాయి. ఈనాటికీ సంఘాల నుంచి, స్నేహితుల నుంచి మందుల పెట్టెలు వస్తుంటాయి, మందుల కంపెనీల ప్రతినిధులు నమూనాలు ఇచ్చి వెళుతుంటారు. బిల్లు లేదు కనుక వాటిని పుస్తకంలో ఎక్కించరు. కాని వాడకంలోకి అవి వచ్చేస్తాయి. కొన్న మందుకు బదులు ఉచితంగా వచ్చినది ఇచ్చి, కొన్నదాని పేజీలో తగ్గిస్తే పుస్తకం ఒకటి, అలమర మరొకటి చెబుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే మందుల దానానికి మార్గదర్శకాలు ఇచ్చింది. దానంగా వచ్చే మందుకు చేరేనాటికి సాధారణంగా కనీసం ఒక సంవత్సరం గడువు మిగిలి ఉండాలన్నది వాటిలో ఒకటి. ఉచితంగా వచ్చినదానికి వెల లేకపోవచ్చు, లెక్క మాత్రం ఉండాలి.

9. కంప్యూటరులో: ఒకే మందును ఒకరు కంపెనీ పేరుతో, మరొకరు అసలు పేరుతో ఎక్కిస్తే కంప్యూటరుకు అవి రెండు మందులు. ఒకదానిలో నిల్వ పేరుకుపోతుంది, మరొకదానిలో సున్నా కంటే కిందకు పోయి మైనస్ కనబడుతుంది. తెరమీద ఒక బ్యాచ్ ఎంచుకుని చేతితో వేరే బ్యాచ్ ఇవ్వడం మరొకటి. మొత్తం సరిపోతుంది గాని, కంపెనీ ఏదైనా బ్యాచ్‌ను వెనక్కు పంపమన్నప్పుడు అది ఏ రోగికి వెళ్లిందో చెప్పలేము. ఎంట్రీ మధ్యలో కరెంటు పోతే అదే ఎంట్రీ రెండోసారి కొట్టడం కూడా తరచు జరిగేదే.

10. లెక్కపెట్టడంలోనే: ఒక పక్క తనిఖీ జరుగుతుండగా మరో పక్క వార్డులకు మందులు ఇస్తూనే ఉంటే ఆ లెక్క ఏ క్షణానిది? పుస్తకంలో 60 అని చూసుకుని అలమరకు వెళ్లినవారికి 58 కూడా 60 లాగే కనబడుతుంది. మూత తెరిచిన పెట్టెను నిండుగా ఉందనుకోవడం, వెనుక వరుసను చూడకపోవడం మామూలే. తప్పుగా లెక్కపెట్టి, సరిగ్గా ఉన్న పుస్తకాన్ని దిద్దినా కొత్త తేడా పుడుతుంది.

ఈ పదింటిలో ఒక్కదానికీ చెడ్డ బుద్ధి అక్కరలేదు. డ్రైవరు తొందర, డాక్టరు అవసరం, సిస్టరు అలసట, స్టోరువారి మొహమాటం, దాత మంచితనం, అన్నీ కలిసి తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అయ్యాయి.

ఒక చిన్న లెక్క

సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము ఇంజక్షను ఉదాహరణగా తీసుకుందాం. పుస్తకంలో 120, అలమరలో 96. తేడా 24. మామూలుగా అయితే 24 తగ్గించి, కింద సంతకం పెట్టి, పుస్తకం మూసివేస్తారు. అలా చేయక వెనక్కు వెళ్లి చూశామనుకోండి. రాత్రి చీటీల్లో రెండు పుస్తకంలోకి ఎక్కలేదు, వాటిమీద వెళ్లినవి 14. బిల్లులో ఉచితమని రాసి నిజానికి రానివి 10. పగిలినవి 5. వార్డు నుంచి తిరిగి వచ్చి ఎవరూ రాయకుండా అరలో చేరినవి 5. ఇప్పుడు 120లోంచి 14, 10, 5 తీసివేసి 5 కలిపితే సరిగ్గా 96.

ఈ లెక్కలో రెండు పాఠాలు ఉన్నాయి. పైకి కనబడిన తేడా 24 అయినా, రాయకుండా లేక తప్పుగా రాయబడినవి 34. కొన్ని తప్పులు ఒకదాన్నొకటి కప్పివేశాయి. కనుక తేడా సున్నా వచ్చిన మందు లెక్క కూడా నిక్కచ్చిగా ఉందని చెప్పలేము. రెండవ పాఠం: 24 తగ్గించి సంతకం పెట్టి ఉంటే పుస్తకం ఆ రోజుకు సరిపోయేది. రాత్రి చీటీలు మాత్రం మరుసటి రాత్రి కూడా అలాగే పోయేవి. సంఖ్యను దిద్దడం వేరు, కారణాన్ని దిద్దడం వేరు. జ్వరం తగ్గించే మాత్ర ఇచ్చి, జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా పంపే వైద్యుణ్ణి మనం మెచ్చుకోము కదా.

మరి దొంగతనం?

దొంగతనం లేదని మేము చెప్పడం లేదు. ఖరీదైన ఇంజక్షన్లు, మత్తునిచ్చే మందులు ఉన్నచోట ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మార్ఫిన్ వంటి మందులు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తాయి. వాటిని తాళంలో ఉంచి, ప్రతి ఆంపూలుకూ లెక్క రాయాలి. అందులో మినహాయింపు లేదు. ఇంటిదొంగను పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పే సామెత మనందరికీ తెలిసినదే.

కాని తేడా కనబడగానే దొంగ కోసం వెతకడం మొదలుపెడితే ఏమవుతుంది? పగిలిన ఆంపూలు సంగతి ఎవరూ చెప్పరు. తక్కువ పడినప్పుడు పక్క వార్డు నుంచి తెచ్చి సరిపెడతారు. ఎక్కువ వచ్చినది రేపటి తక్కువకు పనికివస్తుందని డ్రాయరులో దాస్తారు. పుస్తకం సరిపోతుంది, ఆసుపత్రికి నిజం మాత్రం తెలియదు. నిజమైన దొంగ ఎవరైనా ఉంటే అతనికి ఇంతకంటే మంచి చాటు దొరకదు. మామూలు కారణాల వల్ల వచ్చే తేడాలను ఒక్కొక్కటిగా తీసివేసుకుంటూ వస్తే, చివరకు కారణం తెలియక మిగిలిన తేడా అసలు సంగతి చెబుతుంది. ఎప్పుడూ ఒకే మందు, ఎప్పుడూ తక్కువే, ఎప్పుడూ ఒకే డ్యూటీలో అయితే అది అప్పుడు తెలుస్తుంది.

లెక్క అడగడం అనుమానించడం కాదు

మన సంఘాల్లో, ఆసుపత్రుల్లో ఒక మొహమాటం ఉంది. ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా సేవ చేస్తున్న స్టోరు సిస్టరును లెక్క అడిగితే నొచ్చుకుంటారేమోనని అనుకుంటాము. ఈ సందర్భంలో ఎజ్రా గ్రంథం 8వ అధ్యాయం మరొకసారి చదవమని పాఠకులను కోరుతున్నాము. చెరనుంచి యెరూషలేముకు తిరిగి వెళ్లేటప్పుడు ఎజ్రా మందిరపు వెండి బంగారాలను, ఉపకరణాలను యాజకుల చేతికి అప్పగించాడు. వారు ప్రభువుకు ప్రతిష్ఠితులని వారితోనే చెప్పాడు. అయినా తూచి ఇచ్చాడు. యెరూషలేము చేరి మూడు దినాలు విశ్రమించి, నాలుగవ దినాన మందిరంలో మళ్లీ తూచారు. సంఖ్య చూశారు, బరువు చూశారు, రాసి ఉంచారు.

ఎజ్రాకు వారిమీద అనుమానం ఉండి అలా చేయలేదు. నెలల తరబడి సాగే ప్రయాణం, దారిలో శత్రువులు, దొంగలు. చివరలో ఏదైనా మాట వస్తే మోసినవారిని కాపాడేది ఆ లెక్కే. ఇచ్చేవారు, తీసుకునేవారు ఇద్దరూ చూసి రాసినది ఇద్దరికీ రక్ష. గృహనిర్వాహకునికి నమ్మకత్వం ఎంత అవసరమో, ఆ నమ్మకత్వాన్ని చూపించగలిగే లెక్క కూడా అంతే అవసరం.

ఇదే సూత్రాన్ని పొరుగు రాష్ట్రం ప్రభుత్వ స్థాయిలో ఆచరణలో పెట్టింది. 1994లో ఏర్పడిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషను జిల్లాల్లో మందుల గోదాములు పెట్టి, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ బ్యాంకు పాస్‌బుక్కు లాంటి పుస్తకం ఇచ్చింది. ఎంత విలువైన మందులు తీసుకోవచ్చో, ఎంత తీసుకున్నారో అందులో రాస్తారు. సరుకుతోబాటు లెక్క కూడా ప్రయాణం చేయడం అందులోని మంచి ఆలోచన.

మనం చేయగలిగినవి

వీటికి పెద్ద ఖర్చు లేదు. చిన్న ఆసుపత్రి కూడా వచ్చే వారం నుంచే మొదలుపెట్టవచ్చు.

- ప్రతి మందు దగ్గర, అరలోనే, ఒక బిన్ కార్డు వేలాడదీయండి. తేదీ, వచ్చినది, ఇచ్చినది, మిగిలినది, సంతకం. మందు తీసిన చేయే కార్డు రాయాలి. ఆఫీసులోని రిజిస్టరు దానితో పోల్చడానికి ఉంటుంది.

- ప్రతి మందుకు ఒకే కొలత నిర్ణయించి కార్డు పైభాగాన పెద్ద అక్షరాలతో రాయండి. మాత్రలైతే మాత్రలే, వైల్స్ అయితే వైల్సే. పెట్టెల్లో రాయవద్దు.

- దిగిన పెట్టెలను తెరిచి, ఇద్దరు కలిసి లెక్కపెట్టి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసిన తరువాతే పుస్తకంలో ఎక్కించండి. వాహనం తొందరలో ఉంటే "లోపలి సరుకు తనిఖీ చేయవలసి ఉంది" అని రాసి సంతకం చేయండి.

- అత్యవసరం అలమర తలుపుకు పెన్సిలు కట్టిన నోటు పుస్తకం ఒకటి పెట్టండి. మందు పేరు, ఎన్ని, ఏ వార్డు, ఈ మూడు మాటలు చాలు. రాత్రి డ్యూటీవారు పగటి డ్యూటీవారికి రోగులను అప్పగించేటప్పుడే ఈ పుస్తకాన్ని కూడా అప్పగించాలి.

- పాడైనవి, పగిలినవి, గడువు తీరినవి ఉంచడానికి ఎర్ర గుర్తు వేసిన ఒక పెట్టె ప్రత్యేకించండి. ఆ పెట్టెలో వేసినవి వెంటనే వాడదగిన నిల్వలోంచి తగ్గించాలి. పగిలిందని చెప్పినవారిని మందలించకండి, చెప్పినందుకు మెచ్చుకోండి.

- గడువు ముందు తీరేది ముందు వరుసలో, తరువాత తీరేది వెనుక వరుసలో సర్దండి. ముందుగా వచ్చినదే ముందుగా గడువు తీరుతుందని అనుకోవద్దు. దానంగా వచ్చిన పెట్టెల్లో ఇది తరచు తారుమారు అవుతుంది.

- ఏడాదికోసారి అన్నీ లెక్కపెట్టే అలవాటు ఉంటే ఉండనీయండి. దానితోబాటు రోజుకు ఐదు మందులు లెక్కపెట్టండి. ప్రాణాలు నిలిపే మందులు, ఎక్కువగా కదిలే మందులు, ఖరీదైన మందులు నెలకోసారైనా వంతుకు రావాలి. దూది, ప్లాస్టరు వంటివి మూడు నెలలకోసారి చాలు. లెక్కపెట్టేవారికి పుస్తకంలోని సంఖ్య ముందుగా చెప్పకండి. ఆ మందు ఇవ్వడం ఆ పది నిమిషాలు ఆపండి.

- తేడా వస్తే ఆ రోజే, జ్ఞాపకం చల్లారకముందే, కారణం వెతకండి. దిద్దిన సంఖ్య పక్కన కారణం రాయండి. తెలియకపోతే "కారణం తెలియలేదు" అని నిజాయితీగా రాయండి. పేరు కంటే కారణం ముఖ్యం.

- నెల చివర ఆ కారణాలను కలిపి చూడండి. పదిలో ఆరు రాత్రి చీటీల వల్లే అయితే స్టోరుకు కొత్త తాళం అవసరం లేదు, రాత్రి పుస్తకానికి కొత్త పెన్సిలు అవసరం. కారణాన్ని బట్టి మందు వేయాలి.

పాముకాటు విరుగుడు, ఆక్సిటోసిన్, ఫిట్స్ వచ్చిన గర్భిణికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్, అడ్రినలిన్, ఇన్సులిన్. ఈ ఐదింటితో మొదలుపెట్టమని మా సలహా. ఈ రోజు సాయంత్రం డ్యూటీ మారేలోగా ఇద్దరు కలిసి వీటిని లెక్కపెట్టడానికి అరగంట పట్టదు. వచ్చిన సంఖ్యను పుస్తకం పక్కన పెట్టి చూడండి. సరిపోతే దేవునికి స్తోత్రం చెప్పి, రేపు మరో ఐదు లెక్కపెట్టండి. సరిపోకపోతే ఎవరినీ నిందించక, ఆ మందు దారి వెంట ఒక్కొక్క అడుగు వెనక్కు నడవండి. అది ఎక్కడో ఒకచోట, ఎవరో మంచి మనిషి తొందరలో రాయడం మరచిన చోట, మీకు కనబడుతుంది.